తాళంచెవి ఇచ్చారు, మంచం ఎవరిస్తారు?

బ్రిటన్‌లో స్థానిక ప్రభుత్వం పేదలకు అద్దెకిచ్చే కౌన్సిల్ ఇల్లు ఒకటి ఖాళీ అయిందంటే, కొత్తవాళ్ల కంటే ముందు ఆ ఇంట్లోకి పనివాళ్లు దిగుతారు. పాతవాళ్లు వదిలేసి వెళ్లిన కర్టెన్లు, కుక్కరు (అక్కడ వంట పొయ్యిని అలా అంటారు), బీరువా, నేలమీది కార్పెట్ చాలాచోట్ల పీకి బయట నిలబెట్టిన ఇనప తొట్టెలో పడేస్తారు. కార్పెట్ శుభ్రంగా ఉందా, ఇంకో పదేళ్లు పనికొస్తుందా అని చూసేవాళ్లు తక్కువ. కరెంటు, గ్యాసు పరీక్షలు పూర్తిచేసి, తాళం మార్చి, ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులో ఉన్న మనిషి చేతిలో తాళంచెవి పెడతారు. తలుపు తీస్తే బోసి సిమెంటు నేల. కిటికీలకు తెరలుండవు. వంటగదిలో సింకు ఉంటుంది కానీ, వండుకోవడానికి పొయ్యి ఉండదు.

ఇల్లంటూ దొరికింది కదా, సామాను మెల్లగా అదే సమకూరుతుందిలే అనుకుంటాం. ఆ ఇల్లు ఎవరికి దొరుకుతుందో చూస్తే ఆ మాట నోట రాదు. భర్త దెబ్బలకు తాళలేక పిల్లలతో కట్టుబట్టలతో బయటికొచ్చి నెలల పాటు ఆశ్రయ కేంద్రంలో తలదాచుకున్న ఆవిడ, పద్దెనిమిదేళ్లు నిండి ప్రభుత్వ సంరక్షణ నుంచి బయటపడ్డ కుర్రాడు, శరణార్థిగా ఇప్పుడిప్పుడే గుర్తింపు పొందినవాళ్లు, జైలు నుంచి విడుదలైనవాళ్లు. మంచం, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ ఒకేసారి కొనగలిగే స్తోమత ఉంటే వీళ్లు ఆ లిస్టులో పేరు రాయించుకునేవాళ్లే కాదు.

లివర్‌పూల్ కేంద్రంగా ‘ఎండ్ ఫర్నిచర్ పావర్టీ’ అనే సంస్థ ఈ ఒక్క సమస్య మీదే పనిచేస్తోంది. ఏ ఇంటికైనా కనీసం ఉండాల్సిన వస్తువులకు ఒక జాబితా వేసుకుంది. మంచం, పరుపు, దుప్పట్లు, బల్ల, కుర్చీలు, సోఫా, బట్టల బీరువా, గదుల్లో కార్పెట్, కిటికీ తెరలు, కుక్కరు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, టీవీ. వీటిలో ఒక్కటి కొరవడినా లెక్కలోకి వచ్చినట్టే. ఆ లెక్కన 2023లో బ్రిటన్ మొత్తం మీద 60 లక్షల మందికి పైగా తేలారు. కౌన్సిళ్లు, హౌసింగ్ అసోసియేషన్లు అద్దెకిచ్చే ఇళ్లలో ఉండేవాళ్లను విడిగా చూస్తే వందకు 26 మంది. నన్ను ఎక్కువ ఆపింది మాత్రం ఆ సంస్థే చెప్పే ఇంకో లెక్క. అక్కడ ప్రైవేటు యజమానుల అద్దె ఇళ్లలో 29 శాతం ఎంతో కొంత సామానుతో వస్తాయి. పేదల కోసం ఉద్దేశించిన ఇళ్లలో అలా వచ్చేవి 2 శాతం. లాభం కోసం అద్దెకిచ్చేవాడు మంచం వేసి ఇస్తున్నాడు, సేవ కోసం పుట్టిన సంస్థ ఉన్న కార్పెట్‌నూ పీకేస్తోంది.

ఎందుకు పీకుతారని అడిగితే సంస్థలు చెప్పే కారణాలు కొట్టిపారేయదగినవి కావు. కార్పెట్‌లో పురుగులుండవచ్చు. పాత కుక్కరు పేలవచ్చు. ఒకసారి ఇంటితో పాటు వస్తువు ఇస్తే దాని మరమ్మతు బాధ్యత కూడా యజమానిదే అవుతుంది. ఖాళీ ఇంటికైతే ఏ తగాదా రాదు. ఇలా ఒక గుమాస్తా తలనొప్పి తగ్గించుకోవడానికి మొదలైన ఏర్పాటు దేశమంతటికీ పద్ధతి అయి కూర్చుంది.

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక సందేహం రావాలి, రాకపోతేనే ఆశ్చర్యం. నేలమీద పడుకోవడం కూడా పేదరికమేనా? మన తాతలు చాప పరుచుకుని, బొంత కప్పుకుని నిద్రపోలేదా? సోఫా లేని ఇంట్లో మనుషులు బతకలేదా? మంచి ప్రశ్నే. అయితే చాప మన నేలకు, మన ఎండకు పుట్టిన వస్తువు. మాంచెస్టర్ జనవరిలో తడి ఊరే కాంక్రీటు మీద చాప వేసుకుని పసిపిల్లను పడుకోబెట్టి చూడండి. గ్యాసు కుక్కరు ఎవరో దానమిచ్చినా, రిజిస్టరైన మనిషి వచ్చి బిగిస్తే తప్ప వెలిగించకూడదు, ఆ బిగింపుకూ డబ్బు కావాలి. అంతవరకూ బయటి తిండే, అంటే చేతిలో ఉన్న కాసిని డబ్బులు ఇంకా తొందరగా కరిగిపోతాయి. ఫ్రిజ్ లేకపోతే చవగ్గా దొరికినప్పుడు ఎక్కువ కొని దాచుకోవడం కుదరదు. వాషింగ్ మెషిన్ లేకపోతే మూటలు మోసుకుని లాండ్రెట్‌కు పోయి యంత్రంలో నాణేలు వేయాలి. పేదవాడి ఇల్లు నడపడానికి ఉన్నవాడి ఇంటికంటే ఎక్కువ ఖర్చవడం ఇలాగే.

ఆడమ్ స్మిత్ 1776లోనే ఈ వాదాన్ని తేల్చేశాడు. గ్రీకులు, రోమన్లు నార చొక్కా లేకుండానే హాయిగా బతికారు, కానీ తన కాలంలో ఒక కూలివాడు ఆ చొక్కా లేకుండా నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతాడు కాబట్టి అది అవసరమే అన్నాడు. రెండు వందల ఏళ్ల తర్వాత, 1979లో, పీటర్ టౌన్‌సెండ్ బ్రిటన్ పేదరికం మీద రాసిన పెద్ద పుస్తకం నిలబడింది ఈ పునాది మీదే. తన చుట్టూ ఉన్న సమాజం మామూలుగా బతికే తీరులో పాలుపంచుకోలేనివాడు పేదవాడు. కూర్చోబెట్టడానికి కుర్చీ లేని ఇంటికి పిల్ల తన స్నేహితురాలిని పిలవదు. ఆ పిల్ల ఆకలితో లేదు. అయినా లేమిలోనే ఉంది.

మరి ఇంట్లో సామాను ప్రభుత్వం పట్టించుకోవాల్సిన విషయమేనా అంటే, బ్రిటిష్ ప్రభుత్వం ఒకప్పుడు పట్టించుకుంది, అదీ చేతిలో కలప లేని రోజుల్లో. 1942లో, యుద్ధం మధ్యలో, ‘యుటిలిటీ ఫర్నిచర్’ పేరుతో మంచం, బీరువా, భోజనాల బల్ల, కుర్చీ ఎలా ఉండాలో ప్రభుత్వమే నమూనాలు గీయించింది. గోర్డన్ రసెల్ లాంటి పేరున్న రూపశిల్పి అందులో పనిచేశాడు. కొత్తగా పెళ్లయినవాళ్లకు, బాంబులకు ఇల్లు పోగొట్టుకున్నవాళ్లకు కూపన్ల మీద, కట్టడి చేసిన ధరకు ఇచ్చారు. నగిషీలు లేవు, కానీ గట్టివి. వాటిలో కొన్ని ఇప్పటికీ పాత సామాను దుకాణాల్లో మంచి ధర పలుకుతున్నాయి. 1952లో ఆ పథకం ముగిసింది. 1988లో సోషల్ ఫండ్ వచ్చాక, కొత్త ఇంట్లో చేరే నిరుపేదలు కమ్యూనిటీ కేర్ గ్రాంటుకు అర్జీ పెట్టుకునే వీలుండేది. తిరిగి కట్టక్కర్లేని డబ్బు. అదీ 2013 ఏప్రిల్‌లో రద్దయింది. ఇంగ్లండ్‌లో ఆ బాధ్యతను స్థానిక కౌన్సిళ్లకు వదిలేశారు, దీనికే ఖర్చు పెట్టాలన్న షరతు మాత్రం పెట్టలేదు. నిధుల కరవులో ఉన్న కౌన్సిళ్లలో కొన్ని ఆ సాయాన్నే మూసేశాయి. స్కాట్లండ్, వేల్స్ తమ తమ జాతీయ నిధులను ఏర్పాటు చేసుకున్నాయి కాబట్టి, ఒకే దేశంలో సరిహద్దుకు ఇటు ఉన్నవాడికి మంచం రాకపోవచ్చు, అటు ఉన్నవాడికి వచ్చే అవకాశముంది.

మిగిలింది అప్పు. యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ భృతి తీసుకునేవాళ్లకు బడ్జెటింగ్ అడ్వాన్స్ అని ఉంది. ఒంటరి మనిషికి గరిష్ఠంగా 348 పౌండ్లు, పిల్లలున్నవాళ్లకు 812 పౌండ్లు, తర్వాత భృతిలోంచి కోసుకుంటారు. సాధారణంగా ఆరు నెలలుగా భృతి పొందుతున్నవాళ్లకే ఇస్తారు. ఆశ్రయ కేంద్రం నుంచి నిన్న వచ్చినావిడకు ఆరు నెలలు ఎక్కడివి?

ఆ ఖాళీలోకే వాయిదాల దుకాణాలు దూరాయి. వస్తువు ఇంటికి తీసుకుపో, వారం వారం అద్దెలా కట్టు, చివరికి నీదవుతుంది అన్నది లెక్క. బ్రైట్‌హౌస్ అనే గొలుసు దుకాణాలు ఇందులో అన్నిటికంటే పెద్దవి. బయట 300 పౌండ్లకంటే తక్కువకు దొరికే కరెంటు కుక్కరుకు ఇలాంటి వాయిదాల్లో 1,500 పౌండ్లు దాటిపోయిన ఉదాహరణను అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ 2018లో స్వయంగా బయటపెట్టింది. 2019 ఏప్రిల్‌లో, అప్పు ఖర్చు వస్తువు ధరను మించకూడదని పరిమితి విధించింది. 2020 మార్చిలో బ్రైట్‌హౌస్ దివాలా తీసింది. మంచిదే. కానీ వాళ్ల దగ్గర కుక్కరు తీసుకునేవాళ్లు ఆ తర్వాత ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పలేదు.

దానాలు లేవా అంటారు. ఉన్నాయి, పాత సోఫాలకు ఆ దేశంలో కొరత లేదు. అయితే 1988 నాటి అగ్ని భద్రత నిబంధనల ప్రకారం సోఫాకు చీటీ కుట్టి ఉండకపోతే చారిటీ దుకాణాలు ముట్టుకోవు. ఎంత మంచి సోఫా అయినా, ఇల్లు సర్దుకునేటప్పుడు విసుగొచ్చి ఎవరో ఆ చీటీ కత్తిరించేసి ఉంటే దాని గతి చెత్తకుప్పే. ఆ పైన వ్యాను కిరాయి, లిఫ్టు లేని నాలుగో అంతస్తు.

సరైన దారి, నా ఉద్దేశంలో, ఇంటితో పాటే సామాను ఇవ్వడం. అద్దెకు కొంత సామాను రుసుము కలిపితే, అది అద్దె సాయమైన హౌసింగ్ బెనిఫిట్ కిందా యూనివర్సల్ క్రెడిట్ కిందా చెల్లింపుకు అర్హమైనదే. చట్టం మార్చే పని లేదు. ఇందులో చిక్కు లేదనను. ఆ మనిషికి ఉద్యోగం దొరికి జీతం పెరిగేకొద్దీ సాయం తగ్గిపోతుంది, రుసుము జేబులోంచి కట్టాల్సి వస్తుంది. మంచం కోసం ఉద్యోగం మానుకునే పరిస్థితి రాకూడదు. ధర వసూలయ్యాక రుసుము ఆపేస్తే సరిపోతుంది. వేల్స్ ఒక అడుగు ముందే వేసింది. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కొత్త ప్రమాణం ప్రకారం అక్కడ అద్దెదారు మారే ప్రతి కౌన్సిల్, హౌసింగ్ అసోసియేషన్ ఇంట్లో నివాస గదులన్నిటిలో నేలమీద కార్పెట్ లాంటిదేదైనా పరిచి ఉండాల్సిందే.

మన సంగతికొద్దాం. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నవాళ్లు ఆ ఇల్లు నింపడం గురించి విడిగా చెప్పలేదు, ఎందుకంటే అది పెళ్లి ఖర్చులోనే కలిసిపోయింది. మన దగ్గర కొత్త కాపురానికి సామాను సమకూర్చే శాఖ ఆడపిల్ల తండ్రి. మంచం, పరుపు, బీరువా, వంట సామాను, ఇప్పుడైతే ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ కూడా సారె పేరుతో లారీ ఎక్కుతాయి. అందుకే ఈ లేమి మనకు కనిపించలేదు. అది అప్పు రూపంలో పుట్టింటి పుస్తకంలో రాసి ఉంది. 2011 జనాభా లెక్కలు టీవీ, ఫోను, సైకిలు ఉన్నాయా అని అడిగాయి, మంచం ఉందా అని అడగలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మాత్రం అడుగుతుంది: పరుపు, కుర్చీ, మంచం, బల్ల. ఇక హైదరాబాద్ టు-లెట్ బోర్డుల మీద ‘సెమీ ఫర్నిష్డ్’ అంటే ఫ్యాన్లు, లైట్లు, గోడలో కప్‌బోర్డులు. ఫ్యాను కూడా ఫర్నిచరేనని మన యజమానుల నమ్మకం.

ప్రభుత్వ ఇళ్లూ చదరపు అడుగుల దగ్గరే ఆగుతాయి. తెలంగాణలో కొల్లూరు డబుల్ బెడ్‌రూం ఇళ్లు 560, ఆంధ్రలో టిడ్కో ఇళ్లు 300, 365, 430. అందరికీ సోఫాలివ్వమని నేననను. బస్తీ నుంచి వచ్చే కుటుంబానికి పాత మంచమైనా ఉంటుంది, ఆటోలో వేసుకుని వస్తారు. నేనడిగేది ఏ ఆటో లేకుండా వచ్చే ఆవిడ గురించి. సారె అంతా అత్తారింట్లో వదిలి పిల్లలతో బయటపడ్డ ఆడమనిషికి రెండోసారి సారె పెట్టేదెవరు? 2005 గృహహింస చట్టం సెక్షన్ 19(8) కింద ఆవిడ స్త్రీధనాన్ని తిరిగి ఇప్పించే అధికారం మేజిస్ట్రేటుకుంది. ఉత్తర్వు వచ్చేలోపు ఆవిడ ఒక గది అద్దెకు తీసుకుంటుంది, మూడు నెలల అడ్వాన్సు కడుతుంది, చేతిలో ఏమీ మిగలదు.

ఆపదలో ఉన్న మహిళలకు ఆశ్రయమిచ్చే శక్తి సదన్‌ల నుంచి బయటికెళ్లి సొంతంగా కాపురం పెట్టే ప్రతి మహిళకూ ఒక విడత సామాను ఇవ్వడం రాష్ట్ర ప్రభుత్వాలకు పెద్ద భారం కాదు. ప్రభుత్వం ఇంటి లోపలికి రాకూడదన్న అభ్యంతరం కూడా నిలవదు, ఉజ్వల 2.0లో స్టవ్ ఉచితంగా ఇచ్చినప్పుడే గడప దాటి వంటింట్లోకి వచ్చేసింది. కాకపోతే ఆ పథకంలో గ్యాస్ కనెక్షన్ ఇంట్లో ఆడవాళ్ల పేరునే ఇస్తారు, ఇంతకుముందు కనెక్షన్ ఉంటే మళ్లీ ఇవ్వరు. ఆవిడ పేరున ఒకటి ఇప్పటికే ఉండవచ్చు, సిలిండరు భర్త ఇంట్లో ఉంటుంది. ఈ ఒక్క మెలిక విప్పడానికి శాసనసభ అక్కర్లేదు, పెట్రోలియం శాఖ నుంచి ఒక సర్క్యులర్ చాలు. మంచం సంగతి ఆ తర్వాతైనా చూడవచ్చు. ముందు స్టవ్వా, ముందు మంచమా అని ఎవరైనా వాదనకు దిగితే, పసిపిల్ల ఉన్న ఇంట్లో స్టవ్వే ముందని నా ఓటు.