షాద్‌నగర్ చుట్టూ ‘గజాల’ వ్యవసాయం!
బాహ్య వలయ రహదారి దాటి విస్తరిస్తున్న స్థిరాస్తి వ్యాపారం.. పత్రాల వెనుక చరిత్ర చూడకుంటే చిక్కులే

షాద్‌నగర్: జొన్న, ఆముదం పండిన చెలకల్లో ఇప్పుడు రంగురాళ్లు మొలుస్తున్నాయి. ఎకరాల్లో కొన్న భూమి గజాల్లో చేతులు మారుతోంది. హైదరాబాద్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, 44వ నంబరు జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న ఈ పట్టణం ఒకనాడు పాలమూరు జిల్లాకు ముఖద్వారం. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజనతో రంగారెడ్డి జిల్లాలో చేరింది. అంతకుముందే, 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుంచే స్థిరాస్తి వ్యాపారుల చూపు ఇటు మళ్లింది. కొత్తూరు పరిసరాల్లో పరిశ్రమలు వెలిశాయి. సికింద్రాబాద్-మహబూబ్‌నగర్ రైలుమార్గం డబ్లింగ్ 2023 నాటికి పూర్తయింది. ప్రాంతీయ వలయ రహదారి దక్షిణ భాగం ఆమనగల్లు, షాద్‌నగర్ మీదుగా సంగారెడ్డికి చేరుతుందన్న ప్రతిపాదన ధరలకు రెక్కలు తొడిగింది.

ఆశలో తప్పు లేదు. పట్టణం పెరుగుతున్న మాట వాస్తవమే. అయితే పెరుగుతున్నది పట్టణమా, కేవలం ప్లాట్లా అన్నదే ప్రశ్న. రోడ్లు వేసి, స్తంభాలు పాతి, స్వాగత తోరణం కట్టిన వెంచర్లలో ఏళ్లు గడిచినా ఇల్లు లేనివి కనిపిస్తాయి. కొన్నవారు కట్టరు. ధర వస్తే అమ్ముదామని ఎదురుచూస్తారు. వారి నుంచి కొనేవారిదీ అదే లెక్క. జనం లేనిచోట బడి రాదు, బస్సు రాదు, తాగునీటి పైపు రాదు. అవి రానిచోట జనం చేరరు.

ఫాం ప్లాట్ల మాయ మరొకటి. ఎకరాకు 40 గుంటలు, గుంటకు 121 గజాలు. లేఅవుట్ అనుమతి తీసుకుంటే రోడ్లకు, పార్కులకు స్థలం వదలాలి, రుసుములు కట్టాలి. అదే భూమిని ‘వ్యవసాయ క్షేత్రం’ పేరుతో ఐదు గుంటలు, పది గుంటల ముక్కలుగా అమ్మితే ఆ ఖర్చేదీ ఉండదు. రెండు వేల చదరపు మీటర్లు, అంటే దాదాపు 20 గుంటల లోపు ముక్కలను ఇలా విక్రయించడం నిబంధనలకు విరుద్ధమని పట్టణ ప్రణాళిక విభాగం 2024లో హెచ్చరించింది. రిజిస్ట్రేషన్ అయింది కదా అని ధీమాగా ఉన్నవారు ఇంటి అనుమతికి వెళ్లినప్పుడే అసలు సంగతి తెలుసుకుంటున్నారు.

‘ప్రీలాంచ్’ సంగతి సరేసరి. 500 చదరపు మీటర్లకు మించిన స్థలాన్ని అభివృద్ధి చేసి అమ్మాలంటే రెరాలో నమోదు తప్పనిసరి. అది లేకుండా ప్రకటన ఇవ్వడమే నేరం. రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా పది శాతానికి మించి తీసుకోరాదని 2016 నాటి చట్టంలోని 13వ సెక్షన్ చెబుతోంది. తక్కువ ధర ఆశ చూపి మొత్తం సొమ్ము ముందే అడుగుతున్నారంటే, కొనుగోలుదారుడు ఇల్లు కొనడం లేదు, వ్యాపారికి వడ్డీ లేని అప్పు ఇస్తున్నాడు.

ఈ నేలకు మరో చరిత్ర ఉంది. 1952లో హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు ఈ ప్రాంతపు వారే. ఆయన మంత్రిగా ఉన్నప్పుడే 1950 నాటి కౌలుదారీ చట్టం వచ్చింది. దాని ప్రకారం రక్షిత కౌలుదారులకు దక్కిన 38-ఈ హక్కులు నేటికీ పలు సర్వే నంబర్లపై సజీవంగా ఉన్నాయి. వీటికి తోడు అసైన్డ్ భూములు, భూదాన భూములు. 2020 అక్టోబరులో వచ్చిన ధరణిలో అనుభవదారు కాలమ్ లేకుండా పోయింది. దాని స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. కనుక కొత్త పాసుపుస్తకం ఒక్కటి చూసి సరిపెట్టుకోరాదు. 1954-55 ఖాస్రా పహాణీ నుంచి లింకు పత్రాలన్నీ వరుసగా చూడాలి. దళారి తెచ్చిన జిరాక్సు కాదు, తహసీల్దారు కార్యాలయంలో తీసుకున్న ప్రతి చూడాలి.

రైతు నష్టపోతున్న తీరు ఇంకా లోతైనది. స్టాంపు సుంకం తగ్గించుకునేందుకు మార్కెట్ ధరలో కొంతే పత్రంలో రాయడం ఇక్కడ ఆనవాయితీ. మిగతాది చేతికి. అమ్మినవాడికి, కొన్నవాడికి అప్పటికి లాభమే. కానీ రహదారికి భూసేకరణ వచ్చినప్పుడు 2013 చట్టం ప్రకారం పరిహారానికి ఆధారం ప్రభుత్వ విలువ, లేదా గత మూడేళ్లలో సమీప భూముల రిజిస్టరైన ధరలు. పత్రాల్లో ధర తక్కువగా ఉంటే, దానిపై వంద శాతం సొలేషియం కలిపినా బహిరంగ ధరకు చేరదు. ఎవరో పొదుపు చేసుకున్న సుంకానికి పక్క గెట్టు రైతు మూల్యం చెల్లిస్తున్నాడు. వలయ రహదారి అలైన్‌మెంట్‌పై 2025లో రైతులు రోడ్డెక్కడానికి ఈ భయమూ ఒక కారణమే.

అమ్ముకున్నవారి చేతికి కనీసం డబ్బయినా వస్తుంది. ఆ పొలాన్నే కౌలుకు దున్నిన వారికి, కలుపు తీసిన కూలీలకు అదీ లేదు. 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే అందింది. నగరంలో ఉన్న యజమాని ఖాతాలో సొమ్ము పడింది, చెలక పడావు పడింది. 2025 జనవరిలో వచ్చిన రైతు భరోసాలో వెంచర్ భూములను మినహాయించారు. కౌలుదారు పేరు మాత్రం ఆ జాబితాలోనూ చేరలేదు.