గేటు లోపల బీటెక్, బయట బీకాం

వేసవిలో వొకేషనల్ ట్రైనింగ్‌కు ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారంలో అడుగుపెట్టే ఇంజనీరింగ్ విద్యార్థికి మొదటి పాఠం భద్రత. హెల్మెట్, బూట్లు, గ్యాస్ లైను దగ్గర ఎక్కడ నిలబడకూడదు... 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ల దగ్గర గ్యాస్ పైపులైను ప్రమాదంలో పదిమందికి పైగా ప్రాణాలు పోయిన ప్లాంటు అది. ఆ తర్వాతే రైల్ మిల్లు. పుస్తకంలో బొమ్మగా చూసిన రైలు పట్టా, ఎర్రగా కాలుతూ రోలర్ల మీద దూసుకుపోవడం అక్కడ కళ్లారా చూస్తారు.

భిలాయి ఖుర్సీపార్‌లోని ఓ తెలుగు ఇంట్లో అన్న బీటెక్ అయితే ఆ దారి ఉంది. చెల్లెలు బీకాం అయితే? తెలిసిన ఆడిటరు ఎవరైనా సరేనంటే ఉంటుంది, లేకపోతే లేదు.

ఈ తేడా భిలాయి పుట్టుకతోనే వచ్చింది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించాక శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఎందరో ఇక్కడికి తరలివచ్చారు. పని నేర్చుకోవడమంటే ప్లాంటులో నేర్చుకోవడమే. ఆ ప్లాంటు కేంద్రానిది. బీఏ, బీకాం పిల్లలు చదివేది మాత్రం 2015లో దుర్గ్‌లో ఏర్పడిన రాష్ట్ర విశ్వవిద్యాలయం కాలేజీల్లో. కాబట్టి వాళ్లకు పని చూపించాల్సిన బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదే.

ఛత్తీస్‌గఢ్‌లో ముఖ్యమంత్రి సుశాసన్ ఫెలోషిప్ ఉంది. ఐఐఎం రాయపూర్‌లో చదువు, ప్రభుత్వంలో పని, నెలకు 50 వేల స్టైపెండ్. మంచి పథకమే. కానీ అది డిగ్రీ చేతికొచ్చినవాళ్లకు, అదీ కొద్దిమందికి. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం 2024లో మొదలైనప్పుడు రెగ్యులర్‌గా కాలేజీకి వెళ్లేవాళ్లను అసలే తీసుకోలేదు.

ఆంధ్రప్రదేశ్ వేరే దారి పట్టింది. 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది తర్వాత రెండు నెలలు సమాజ సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత మరో రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం. విద్యార్థి సర్వే కాగితాలతో ఇంటింటికీ వెళ్తాడు. మురుగు కాలువ ఉందా, బడి మానేసిన పిల్లలున్నారా అని అడిగి రాసుకుంటాడు. ఏ రోజు పని ఆ రోజు లాగ్ బుక్‌లో ఎక్కించి గైడ్ సంతకం పెట్టించుకుంటాడు. శ్రద్ధ ఉన్న అధ్యాపకుడి చేతిలో ఇది గొప్ప చదువు. చిక్కల్లా సంఖ్యతోనే. లక్షలమంది ఒక్కసారిగా బయల్దేరితే అంతమందిని కూర్చోబెట్టి పని చెప్పే ఆఫీసులేవి? ఎందరికో ఆన్‌లైన్ కోర్సే ఇంటర్న్‌షిప్ అయిపోయింది.

భిలాయి ఉన్న దుర్గ్ జిల్లాలో పనికి కొరత లేదు. ఏటా నవంబరు నుంచి జనవరి దాకా సహకార సంఘాలు వడ్లు కొంటాయి. ఎకరాకు 21 క్వింటాళ్ల వరకు, క్వింటాలుకు 3,100 రూపాయల లెక్కన. టోకెన్లు, తూకం, గోనె సంచుల లెక్క, రైతు ఖాతాలో డబ్బు పడిందో లేదో చూడటం... బీకాం విద్యార్థికి ఇంతకంటే మంచి తరగతి గది ఏముంటుంది? కాకపోతే ఆ సీజన్ వేసవి సెలవుల్లో రాదు. ఆంధ్రలో లాగా ఒక సెమిస్టర్‌ను పూర్తిగా పనికి వదిలితేనే ఇది సాధ్యం. భిలాయి, రిసాలీ నగర నిగమ్‌లలో (నగరపాలక సంస్థల్లో) ఆస్తి పన్ను, నీటి ఫిర్యాదుల పని మాత్రం ఏడాది పొడవునా ఉంటుంది.

డబ్బు సంగతీ తేల్చాలి. కాంట్రాక్టు కూలీ ఇంటి అమ్మాయి ఆరు నెలలు సొంత ఖర్చుతో ఆఫీసుకు తిరగలేదు. అమెరికా వైట్ హౌస్ కూడా 2022లో గానీ ఇంటర్న్‌లకు జీతం మొదలుపెట్టలేదు. అప్పటిదాకా స్థోమత ఉన్న ఇళ్ల పిల్లలకే ఆ అవకాశం. మన అప్రెంటిస్ నిబంధనలు 2019లోనే పట్టభద్ర అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయలు నిర్ణయించాయి. 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ అందులో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను పెట్టుకోవాలని కూడా చెప్పాయి. రాష్ట్రం అలాంటి కోటానే తన కలెక్టరేట్లకు, నిగమ్‌లకు, సహకార సంఘాలకు డిగ్రీ విద్యార్థుల కోసం పెట్టుకోవచ్చు. ప్రతి ఆఫీసులో వాళ్లకు పని చెప్పి, నేర్పి, సంతకం పెట్టే అధికారి పేరు ఉత్తర్వులోనే రాయాలి.