గొంతుకి దండ, పాటకి మొండిచెయ్యి

మంగళంపల్లి బాలమురళీకృష్ణ మా కోనసీమ మనిషి అని చెప్పుకోడానికి మాకెవ్వరికీ నోరు నొప్పెట్టదు. 1930లో రాజోలు దగ్గర శంకరగుప్తంలో పుట్టారు. అది చెప్పాక ఇక అందుకుంటారు: ఆహా, ఆ గొంతు! రామదాసు కీర్తనలు, విజయవాడ రేడియో భక్తిరంజని, 'గుప్పెడు మనసు'లో పాట. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. నీ అభిమాన వాగ్గేయకారుడెవరంటే నేను ఆయన పేరే చెప్తాను. "ఆయన గాయకుడు కదా?" అంటారు.

గాయకుడే. 72 మేళకర్తల్లోనూ కృతులు రాసి, ఇరవైరెండేళ్లకే, 1952లో 'జనకరాగ కృతిమంజరి' అచ్చువేయించిన గాయకుడు. దోషమని చాలామంది పక్కకి తప్పుకున్న వివాది మేళాల్ని కూడా వదల్లేదు. (అంతకుముందే కోటీశ్వర అయ్యర్ తమిళంలో ఈ పని చేశారు, ఒప్పుకోవాలి.) డెబ్బైరెండూ నాకిష్టమా అంటే, కాదు. కొన్ని హోంవర్కులా ఉంటాయి.

మహతి రాగం అలా కాదు. స గ ప ని, నాలుగే స్వరాలు. గిటారు వాయించేవాళ్లెవరినైనా అడగండి, ఇది అచ్చంగా డామినెంట్ సెవెంత్ కార్డ్ అంటారు. ఆ కార్డ్ వినగానే చెవి మధ్యమం కోసం చూస్తుంది, అక్కడికి దిగితేగానీ స్థిమితపడదు. మహతిలో ఆ మధ్యమమే లేదు! పాట నడిచినంతసేపూ ఏదో రాబోతోందన్న తహతహ, అది రాదు. పైగా స్వరాలన్నీ ఎడంగా ఉంటాయి, గమకాల చాటున దాక్కోడానికి పక్క స్వరం దొరకదు. నాకు ఆయన సంగీతం ఎందుకిష్టమంటే ఇందుకు. 1975లో 'అపూర్వ రాగంగళ్' సినిమా కోసం ఎమ్మెస్ విశ్వనాథన్ ఈ రాగాన్నే పట్టుకున్నారు.

"నాలుగు స్వరాలతో రాగమేంటి, గారడీ" అన్నవాళ్లున్నారు. వీణ ఎస్. బాలచందర్ అయితే రాగాలు సృష్టించానన్న మాట మీదే పెద్ద తగువు పెట్టుకున్నారు. సరే, నవరసకన్నడ ఆరోహణ చూడండి: స గ మ ప, అంతే. త్యాగరాజు అందులో కడితే ప్రతిభ, శంకరగుప్తం వాడు ఇంకొక్క అడుగేసి అవరోహణ కూడా నాలుగుతోనే సరిపెడితే గారడీనా? అవరోహణలో స్వరాలుంటేనే రాగానికి రూపం వస్తుందంటారు. మహతి విని, రూపం లేదని చెప్పండి చూద్దాం.

తిట్టినవాళ్లయినా నయం, పాటని పట్టించుకున్నారు. పొగిడేవాళ్లే ముంచారు. కచేరీ అంతా అయ్యాక, జనం చెప్పులు వెతుక్కునేటప్పుడు ఆయన కదనకుతూహల తిల్లానా. అయిదు నిమిషాలు, చప్పట్లు, మంగళం. తిల్లానా గొప్పదే, కాదన్ను. కానీ గంటసేపు రాగం, నెరవు, స్వరకల్పన త్యాగరాజుకి, దీక్షితర్‌కి. ఈయనకి మాత్రం కొసరు.

అమలాపురంలోనో కొత్తపేటలోనో జూలై 6న ఆయన జయంతి చేసేవాళ్లకి నాదొక్కటే పేచీ. ఫొటోకి దండ తర్వాత వెయ్యొచ్చు. పాడటానికి వచ్చినవాళ్లని ముందే అడగండి, "మహతిలో ఆలాపన చేసి, ఆయన కృతి ప్రధానంగా పాడతారా?" అని. పాడనంటే ఎందుకో కూడా అక్కడే, మైకులోనే అడగండి.