చందా ఇచ్చే చేతికి సవాల్ అడిగే హక్కు లేదా?

పాత స్టూడెంట్లు కాలేజీలకిచ్చే డబ్బు గురించి మాట్లాడాలంటే మనవాళ్ళకి ఎక్కడలేని మొహమాటం. ఇచ్చినాయన దొడ్డమనిషి, తీసుకున్నది చదువులమ్మ గుడి, మధ్యలో అడగడానికి మనమెవరం అంటారు. నేను అడుగుతా. అడగకపోవడం వల్ల ఏం జరుగుతోందో చూస్తున్నా కాబట్టి అడుగుతా.

2023 జూన్‌లో నందన్ నీలేకని తాను చదివిన ఐఐటీ బాంబేకి 315 కోట్లు ఇచ్చారు. మరుసటి నెలలో అదే క్యాంపస్‌లో 12వ హాస్టల్ క్యాంటీన్ గోడమీద ‘ఇక్కడ శాకాహారులే కూర్చోవాలి’ అని పోస్టర్లు వెలిశాయి. సెప్టెంబర్ కల్లా 12, 13, 14 హాస్టళ్ళ మెస్సులో ఆరు టేబుళ్ళు విడిగా కేటాయించేశారు. ఇదేం ఇన్సాఫ్ అని నిరసన చేసిన ఒక విద్యార్థికి పదివేలు జుర్మానా వేశారు. డిసెంబర్‌లో 1998 బ్యాచ్ వాళ్ళు తమ సిల్వర్ జూబ్లీకి ఆ ఐఐటీకే 57 కోట్లు ప్రకటించారు.

నీలేకని గారిమీదా, ఆ బ్యాచ్‌మీదా నాకు శికాయత్ లేదు. టేబుళ్ళు వాళ్ళు వేయించలేదు. నా సవాల్ ఒక్కటే. ఒకే ఏడాది, ఒకే క్యాంపస్. కోట్ల వార్త ఒక పేజీలో, పదివేల జుర్మానా వార్త ఇంకో పేజీలో. ఆ రెండు పేజీల్నీ పక్కపక్కన పెట్టాల్సింది ఎవరు?

శాకాహారం తినేవాళ్ళని నేను తప్పుపట్టను. వేరే గిన్నె, వేరే గరిటె అడగడం సబబే. పక్కవాడి పళ్ళెంలో గుడ్డుందని ఆ మనిషినే అక్కణ్ణుంచి లేచిపొమ్మనడం మాత్రం తిండి సంగతి కాదు, మనిషి సంగతి. దస్తర్‌ఖాన్ మీద నలుగురు ఒకే తబక్‌లో చెయ్యి పెట్టి తినే ఇళ్ళల్లో పెరిగినోళ్ళం. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టారన్నదాంట్లో ఎంత ఇజ్జత్, ఎంత బేఇజ్జతి ఉంటాయో మాకు వేరే చెప్పక్కర్లేదు. మాలపల్లెలో పుట్టినోళ్ళకి ఇంకా చెప్పక్కర్లేదు. 2018 డిసెంబర్‌లో ఐఐటీ మద్రాస్ మెస్సులో వేరే దారి, వేరే వాష్‌బేసిన్ అని పోస్టర్లు అంటించారు. గొడవయ్యాక తీసేసి, తప్పు కేటరర్ నెత్తిన పెట్టారు. మన బాపట్లలో పుట్టిన కృష్ణ చివుకుల గారు 2024 ఆగస్టులో 228 కోట్లు ఇచ్చింది ఆ ఐఐటీకే. ఆ సంస్థ చరిత్రలో అంత పెద్ద సింగిల్ డొనేషన్ అంతకుముందు లేదు. మన తెలుగు పిల్లలు ఏటా వేలల్లో ఐఐటీల దర్వాజాలు తడుతున్నారు. ఆ మెస్సు గదిలో మన పిల్లోడు ఏ టేబుల్ దగ్గర కూర్చోవాలో అడగడం పరాయి సంగతి ఎట్లా అవుతుంది?

డబ్బు ఆపడం అన్నమాట వినగానే ఉలిక్కిపడేవాళ్ళకి ఒకటి గుర్తుచేస్తా. డబ్బు ఆపడం యూనివర్సిటీలకి బాగా తెలిసిన పనే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో గుంటూరు పిల్లోడు రోహిత్ వేముల తన ఆఖరి ఖత్‌లో ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్భై అయిదు వేలు, తనకి రావాలని లెక్క రాసి వెళ్ళాడు. 2015 డిసెంబర్‌లో అతన్నీ ఇంకో నలుగురు దళిత విద్యార్థుల్నీ హాస్టల్ నుంచి గెంటేస్తే, ఆరుబయట టెంట్ వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ పోయాడు. రెండు రోజులకి హిందీ కవి అశోక్ వాజపేయి ఆ యూనివర్సిటీ తనకిచ్చిన డి.లిట్. వాపస్ చేస్తానని ప్రకటించాడు. ఆయన దగ్గర కోట్లు లేవు. ఉన్న ఇజ్జత్ కాగితాన్నే తిరిగిచ్చేశాడు. జేబు ఉన్నోళ్ళు ఇంకెంత చేయగలరు!

ఇది కొత్త తరీఖా కూడా కాదు. 1983లో హార్వర్డ్‌లో ఆ ఏడు డిగ్రీ పుచ్చుకున్న విద్యార్థులు తమ చందాని యూనివర్సిటీ చేతికివ్వకుండా వేరే ఫండ్‌లో జమచేశారు. జాతివివక్ష రాజ్యమేలుతున్న దక్షిణాఫ్రికాలో వ్యాపారం చేసే కంపెనీల్లోంచి హార్వర్డ్ తన పెట్టుబడి తీసుకున్నాకే ఆ డబ్బు ముట్టాలని షర్తు. యూనివర్సిటీ వెంటనే దిగిరాలేదు. కానీ పాత విద్యార్థుల్లో ఆ మాట ఆగలేదు. 1989లో వాళ్ళే ఓట్లేసి డెస్మండ్ టుటూని యూనివర్సిటీ ఓవర్సీర్ల బోర్డుకి ఎన్నుకున్నారు. డబ్బు ఎగ్గొట్టలేదని గమనించండి. అమానత్‌గా పక్కన పెట్టారు.

అంతదూరం ఎందుకు, మన జిల్లానే చూడండి. కాకినాడ పిఠాపురం రాజా కాలేజీకి 1904 నుంచి 1919 దాకా ప్రిన్సిపాల్ రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు. ఆడపిల్లల్ని మగపిల్లలతో కలిపి చదివించిందీ, దళిత పిల్లలకి హాస్టల్ పెట్టించిందీ ఆయనే. వెనక నిలబడ్డ జేబు పిఠాపురం మహారాజాది. అలీగఢ్ కాలేజీ కోసం సర్ సయ్యద్ ఊరూరా జోలె పట్టాడు. ఆ కాలేజీ నుంచి మొట్టమొదట పట్టా పుచ్చుకున్నవాడి పేరు ఈశ్వరీ ప్రసాద్. ఆ రోజుల్లో డబ్బు, దర్వాజా కలిసి నడిచాయి.

ఇక ఎదురొచ్చే మాటలు.

‘ఇస్తే కుడిచేతిది ఎడమచేతికి తెలియకూడదు కదా సాబ్, షర్తులేంటి?’ అంటారు. ఆ మాట రియా పనికిరాదని చెప్తుంది, కళ్ళు మూసుకోమని చెప్పదు. జకాత్ ఎవరికి చెందాలో ఎనిమిది పద్దులు లెక్కగట్టి ఉన్నాయి. వక్ఫ్‌లో వాకిఫ్ పెట్టిన షర్తుకి ఎంత బలముందో ఏ మౌల్వీ సాబ్‌ని అడిగినా చెప్తారు. ఇచ్చిన సొమ్ము ఎక్కడికి పోతోందో చూడటం ఇచ్చేవాడి ఫర్జ్.

‘పేద పిల్లల స్కాలర్‌షిప్‌లు ఆగిపోవా?’ అంటారు. మంచి సవాల్. మా ధవళేశ్వరంలో ఏ రైతునడిగినా జవాబు చెప్తాడు. దాళ్వాకి గోదాట్లో నీళ్ళు చాలనప్పుడు వంతులవారీ పెడతారు. ఎగువ పొలానికి నాలుగు రోజులు ఆపితేనే శివారు ఆయకట్టుకి తడి చేరుతుంది. ఆపడమంటే ఎండబెట్టడం కాదు. స్కాలర్‌షిప్ నేరుగా పిల్లల ఖాతాలో వేయండి, ఎవరొద్దన్నారు? ఆపాల్సింది బిల్డింగులకీ, ఆర్చీలకీ, శిలాఫలకాలకీ ఇచ్చే సొమ్ము.

మూడోది అసలైన సవాల్. ‘ఇదే ఆయుధం అవతలోళ్ళ చేతికొస్తే?’ వచ్చింది కూడా. 2023 చివర్లో అమెరికాలో గాజా కోసం నోరెత్తిన విద్యార్థుల్ని అదుపు చేయలేదని పెన్సిల్వేనియా, హార్వర్డ్ యూనివర్సిటీలకి దాతలు డబ్బు ఆపేశారు. అందుకే నా దగ్గర ఒక తరాజు ఉంది. మీ షర్తు ఎవరికైనా దర్వాజా తెరవమంటోందా, ఎవరిదైనా నోరు మూయమంటోందా? మొదటిది హక్, రెండోది జుల్మ్. ఫలానా ప్రొఫెసర్‌ని తీసెయ్యండి, ఫలానా పుస్తకం చెప్పొద్దు అనే చందాదారు మనవాడైనా నేను అతని పక్కన నిలబడను. అందరికీ పెట్టిన రూల్ అందరికీ ఒకేలా నడపండి అనేవాడు ఎవడైనా నావాడే.

ఇదంతా కోటీశ్వరుల గొడవ అనుకోకండి. నేను చదివిన ఉర్దూ మీడియం బడికి పాత స్టూడెంట్లంటే వెల్డింగ్ షాపు వాళ్ళు, మెకానిక్కులు, కువైట్ డ్రైవర్లు. తలా అయిదొందలేసి పంపి బల్లలు కొనిస్తారు. ఆ బడి ఎవర్నీ గేటు దగ్గర ఆపదు కాబట్టి వాళ్ళకి షర్తు పెట్టే అవసరం రాలేదు. తర్వాత తెలుగు డిగ్రీ చదివిన రోజుల దోస్తులు వేరే. వాళ్ళతో వాట్సాప్ గ్రూపులున్నాయి, వాళ్ళ పిల్లలు చదివే కాలేజీల గ్రూపులున్నాయి. చందా అడగని నెల లేదు. ఒక కాలేజీలో మా బంధువుల అమ్మాయిని తలమీద దుపట్టా తీస్తేనే లోపలికి అన్నారు. అక్కడ చదివిన ముగ్గురు నాలుగురితో మాట్లాడా. అందరూ ‘పాపం భాయ్’ అన్నారు. అదే వారం కొత్త గేటుకి తలా అయిదువేలు వేశారు. ఆ పిల్లని ఆపింది ఆ గేటు దగ్గరే.

2022 ఫిబ్రవరిలో విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీలో బుర్ఖాతో వచ్చిన అమ్మాయిల్ని ఆపారు. పెద్దలూ అధికారులూ కదిలి మాట్లాడాకే లోపలికి రానిచ్చారు. మాట్లాడితే దర్వాజా తెరుచుకుంటుంది. కర్ణాటకలో అదే నెలలో సర్కారే హుకుం ఇచ్చింది, కోర్టుల్లో నడిచింది. అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీలు చెరోమాట చెప్పారు. అమ్మాయిల చదువు మటుకు మధ్యలో నలిగింది. కోర్టు తీర్పు కోసం ఏళ్ళు చూడాలి. పాత విద్యార్థి ఉత్తరానికి ఒక్క రోజు చాలు.

కాబట్టి నా సలహా సీదా సాదా. ఈసారి మీ బ్యాచ్ చందా పోగైతే బ్యాంకులో వేరే ఖాతా తెరవండి. ప్రిన్సిపాల్‌కో డైరెక్టర్‌కో ఒక్క పేజీ ఉత్తరం రాయండి. మెస్సులో ఎవరినైనా విడిగా కూర్చోబెడుతున్నారా? గేటు దగ్గర ఎవరి గుడ్డలైనా లాగిస్తున్నారా? కులం పేరున పిల్లలు ఫిర్యాదు చేస్తే వినే కమిటీ ఉందా, అందులో ఎవరున్నారు? మూడింటికీ రాతపూర్వకంగా జవాబు వచ్చిన రోజు చెక్కు వెళ్తుందని రాయండి. ఎంత పోగైందో అంకె కూడా రాయండి. ఉత్తరం కింద ఒక్క ముస్లిం పేరో, ఒక్క దళిత పేరో ఉంటే చెత్తబుట్టలో వేస్తారు. నలభైమంది రావులు, రెడ్లు, శర్మలు, చౌదరీలు కూడా దస్తఖత్ చేస్తే చదువుతారు. దోస్తులారా, మీ పేరుకి అక్కడ వజన్ ఉంది. మా పిల్లలకి కావాల్సింది మీ చందా కంటే ముందు ఆ దస్తఖత్.