రేపు రివ్యూ.. ఇవాళ మెర్జ్!

ఫైనలియర్ ప్రాజెక్టు. నలుగురు సభ్యులు, నాలుగు బ్రాంచ్‌లు. మూడు నెలలు ఎవరి పని వాళ్లు చేసుకున్నారు. రేపు రివ్యూ అనగా ఇవాళ రాత్రి అన్నీ మెయిన్‌లో కలపడానికి కూర్చున్నారు. స్క్రీన్ నిండా కాన్‌ఫ్లిక్ట్‌లే. విసుగొచ్చి ఒకరు 'మనదే ఉంచేద్దాంరా' అంటారు. అంతే, ఒక మిత్రుడి కోడ్ మెయిన్‌లో మాయం.

అతని బ్రాంచ్‌లో ఉంటుంది కదా అంటారా? ఉంటుంది. కానీ గిట్ లెక్కలో ఆ బ్రాంచ్ కలిసిపోయినట్టే. మళ్లీ మెర్జ్ కొడితే 'ఆల్రెడీ అప్ టు డేట్' అంటుంది. ఈ సంగతి చాలామందికి రివ్యూ జరుగుతుండగానే తెలుస్తుంది.

రెజ్యూమేలో 'గిట్' అని రాయని విద్యార్థి ఇవాళ అరుదు. మెర్జ్ ఎలా జరుగుతుందో చెప్పమంటే మాత్రం తడబడతారు. గిట్ చూసేది రెండు ఫైళ్లను కాదు, మూడింటిని: మీది, అవతలివారిది, ఇద్దరూ విడిపోయిన చోట ఉన్న పాత ప్రతి. ఒకరే మార్చిన చోట ఆ మార్పును తీసుకుంటుంది. ఇద్దరూ ఒకేచోట వేర్వేరుగా మారిస్తే ఆగి మిమ్మల్ని అడుగుతుంది. కాన్‌ఫ్లిక్ట్ అంటే తప్పు జరిగిందని కాదు, గిట్ మిమ్మల్ని ప్రశ్న అడుగుతోందని. జవాబు తెలియకపోతే మెర్జ్‌ను అబార్ట్ చేసి, ఆ కోడ్ రాసినవారిని పిలవండి.

అసలు భయపడాల్సింది కాన్‌ఫ్లిక్టే రాని మెర్జ్‌కు. మీరు ఒక ఫంక్షన్ పేరు మార్చారు. అదే సమయంలో మీ స్నేహితురాలు ఇంకో ఫైల్లో పాత పేరుతోనే దాన్ని పిలిచింది. గిట్‌కు అభ్యంతరం ఉండదు, ప్రోగ్రామ్ మాత్రం కూలుతుంది. అందుకే నాలుగు బ్రాంచ్‌లనూ ఒక్కొక్కటిగా కలపండి, కలిపిన ప్రతిసారీ టెస్టులు నడపండి. ఏది కలిపాక చెడిందో అప్పుడే తెలుస్తుంది. ఒకేసారి కలిపే ఆక్టోపస్ మెర్జ్ కూడా ఉంది, కాదనం. 2014లో లైనక్స్ కెర్నెల్‌లో ఏకంగా 66 పేరెంట్లున్న మెర్జ్ ఒకటి పడింది! కానీ చేత్తో సరిదిద్దాల్సిన కాన్‌ఫ్లిక్ట్ ఎదురైతే ఆక్టోపస్ చేతులెత్తేస్తుంది. మన ప్రాజెక్టులకు దాని జోలి వద్దు.

లినస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్ రాసిందే లైనక్స్ కెర్నెల్ కోసం. అక్కడ కొత్త ఫీచర్లు కలపడానికి ప్రతి విడుదలకు ముందు సుమారు రెండు వారాల గడువు ఉంటుంది. అది ముగిశాక కొన్ని వారాలపాటు దిద్దుబాట్లే. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే కోడ్‌కే అంత వ్యవధి పెట్టుకుంటే, మనం నలుగురం కలిసి ఒక్క రాత్రిలో ముగిద్దామనుకుంటాం!

కాలేజీలూ కొంత ఆలోచించాలి. చివరి డెమోకే మార్కులన్నీ వేస్తే విద్యార్థి చివరి రాత్రే మెర్జ్ చేస్తాడు. నెలకోసారి కమిట్ హిస్టరీ తెరిచి చూసి, దానికీ కొన్ని మార్కులు కేటాయిస్తే ఈ అలవాటు మారుతుంది.

మీరైతే అంతవరకూ ఆగక్కర్లేదు. రెండ్రోజులకోసారి మెయిన్‌ను మీ బ్రాంచ్‌లోకి తెచ్చుకోండి. ఈ ఆదివారం ఓ స్నేహితుడితో కూర్చుని, ఖాళీ రిపోజిటరీలో ఇద్దరూ ఒకే లైన్‌ను వేర్వేరుగా మార్చి, కావాలనే ఒక కాన్‌ఫ్లిక్ట్ తెచ్చుకుని చూడండి. పట్టుమని పది నిమిషాల పని.