టేబుల్ మీద దారపు ముగ్గు!

ఒకప్పుడు టీవీ మీద ఒకటి, రేడియో మీద ఒకటి, మంచినీళ్ల కూజా మీద పూసలంచుది ఇంకొకటి... ఎవరింటికెళ్లినా తెల్లటి లేసు అల్లికలు పలకరించేవి. టీవీ గోడెక్కేసరికి అవి బీరువా అడుగుకి చేరాయి. ఇప్పుడు మళ్లీ బయటికొస్తున్నాయి. టీపాయ్ మీద డాయిలీలుగా, గోడకి మండలాలుగా!

డాయిలీ అన్నది 17వ శతాబ్దంలో లండన్‌లో బట్టలమ్మిన ఓ వ్యాపారి ఇంటిపేరు. మండలం మన మాటే. పేర్లు వేరైనా రెండింటి లెక్కా ఒకటే. నడిమి చుక్క నుంచి చుట్టు మీద చుట్టుగా పెరగడం... అచ్చం వాకిట్లో ముగ్గులా. చుక్కల లెక్క తప్పితే ముగ్గు కలవదు, కుట్ల లెక్క తప్పితే అల్లిక కుదరదు.

అల్లేద్దాం ఇలా...

పదో నంబరు కాటన్ దారం, 1.75 మి.మీ. క్రోషియా సూది, కత్తెర ఉంటే చాలు.

* నాలుగు చెయిన్లు అల్లి, మొదటి చెయిన్‌తో కలిపితే చిన్న రింగు వస్తుంది.

* మొదటి చుట్టు: మూడు చెయిన్లు వేయండి. వీటిని ఒక పొడుగు కుట్టుగా లెక్కించాలి. రింగులోంచి మరో 11 పొడుగు కుట్లు (సూదికి ఒకసారి దారం చుట్టి అల్లేవి) తీయండి. మొత్తం 12. ప్రతి చుట్టునీ ఇలాగే మూడు చెయిన్లతో మొదలుపెట్టి, చివర్లో వాటి పైకొసకి కలిపేయాలి.

* రెండో చుట్టు: ప్రతి కుట్టులో రెండేసి. మొత్తం 24.

* మూడో చుట్టు: ఒకదాంట్లో ఒకటి, పక్కదాంట్లో రెండు. మొత్తం 36.

* నాలుగో చుట్టు: రెండింట్లో ఒక్కొక్కటి, మూడోదాంట్లో రెండు. మొత్తం 48.

* అంచు: రెండు కుట్లు వదిలి, మూడోదాంట్లో అయిదు పొడుగు కుట్లు. మళ్లీ రెండు వదిలి, పక్కదాంట్లో ఒక పొట్టి కుట్టు. ఇలా చుట్టూ వస్తే ఎనిమిది రేకల పువ్వు సిద్ధం. మంచినీళ్ల గ్లాసు కిందకి సరిగ్గా సరిపోతుంది.

అల్లిక గిన్నెలా పైకి లేస్తోందంటే కుట్లు తక్కువయ్యాయని. కుచ్చిళ్లు పడుతోందంటే ఎక్కువయ్యాయని. చుట్టుకి పన్నెండేసి పెరుగుతున్నాయో లేదో లెక్కపెట్టుకుంటే తేడా అక్కడే దొరుకుతుంది. పూర్తయ్యాక పల్చటి గంజిలో ముంచి, థర్మాకోల్ అట్టమీద రేకలు లాగి గుండుసూదులు గుచ్చి ఆరనిస్తే బిర్రుగా నిలబడుతుంది. రంగుల చుట్లతో పెద్దగా అల్లి, పాత ఎంబ్రాయిడరీ ఫ్రేముకి బిగిస్తే గోడకి మండలం. పాత కాటన్ చీరను పేలికలుగా చింపి లావు సూదితో అల్లితే గుమ్మం ముందు పట్టా!

నరసాపురం మాటేమిటి?

లేసంటే గుర్తొచ్చే ఊరు పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ పని చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటా అల్లుకుపోయింది. పువ్వులు అల్లేవారు కొందరు, వాటిని ఒక్కటిగా కలిపే అతుకుపని చేసేవారు మరికొందరు. అలా తయారైన టేబుల్ క్లాత్‌లు విదేశాల దాకా వెళ్లాయి. 2024లో ఈ అల్లికకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

పేరు అంత దూరం వెళ్లినా, కూలి మాత్రం అంత ఎదగలేదు. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఇక్కడి మహిళల మీద 1982లో ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకమే రాశారు. ఇంటిపట్టున కూర్చుని తీరిక వేళల్లో చేసుకునే పనిగా దాన్ని లెక్కగట్టడం వల్లే వాళ్ల శ్రమకి విలువ లేకుండా పోయిందన్నది ఆమె వాదన. దానికితోడు, చూడ్డానికి అలాగే ఉండే యంత్రపు లేసు చవగ్గా వచ్చిపడింది.

అందుకే ముందు ఒక్క డాయిలీ సొంతంగా అల్లి చూడండి. గ్లాసు కింద పెట్టేంత ముక్కకే కొత్తవారికి ఓ మధ్యాహ్నం గడిచిపోతుంది. మరి మంచమంత దుప్పటికి ఎన్ని మధ్యాహ్నాలు? ఈసారి ఎగ్జిబిషన్‌లో చేతి లేసు కనిపించి, ‘ఇంత ధరా?’ అనాలనిపించినప్పుడు ఆ లెక్క గుర్తుంటే చాలు, బేరమాడటానికి నోరు రాదు!