సముద్రపు చిప్ప నేర్పిన నిర్మాణ విద్య

సముద్రతీరానికి వెళ్లివచ్చిన పిల్లల జేబుల్లో ఒక గవ్వో చిప్పో తప్పక ఉంటుంది. నాలుగు రోజులు బల్లమీద మెరిసి, తరువాత అది చెత్తలో చేరుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియా తీరాన, సాంటా బార్బరా విశ్వవిద్యాలయంలో చదువుకున్న ఏంజెలా బెల్చర్‌ను మాత్రం అటువంటి చిప్ప ఒకటి విడిచిపెట్టలేదు. ఆమెను నానో విజ్ఞానంలోకి నడిపించినది అదే.

ఆబలోని అనేది నత్తజాతికి చెందిన సముద్రజీవి. దాని చిప్ప లోపలి భాగం ముత్యపుచిప్పలా రంగురంగులుగా మెరుస్తుంది. ఆ చిప్పలో నూటికి 98 పాళ్లు కాల్షియం కార్బనేటే. అంటే మన సున్నపురాయిలో ఉన్న పదార్థమే! మిగిలిన రెండు పాళ్లు ప్రోటీనులు. అయినా పగలకుండా తట్టుకునే శక్తిలో అది మామూలు ఖనిజం కన్నా సుమారు 3,000 రెట్లు మిన్న అని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. కారణం దాని కట్టుబడిలో ఉంది. తల వెంట్రుకలో నూరో వంతు మందం కూడా లేని పలకలు ఇటుకల్లా వరుసలు తీరి ఉంటాయి, నడుమ ప్రోటీను అడుసులా పరచుకొని ఉంటుంది. పగులు బయలుదేరితే ఆ వరుసల మధ్య వంకరలు తిరిగి ఆగిపోతుంది.

సిమెంటు కోసం మనం ఇదే సున్నపురాయిని సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాల్చవలసి వస్తుంది. ఆ నత్తకు బట్టీ లేదు, పొగ లేదు. చల్లని సముద్రజలంలోనే దాని పని పూర్తవుతుంది.

ఆ రెండు పాళ్ల ప్రోటీను ఏమి చేస్తున్నదన్నదే బెల్చర్ పరిశోధనాంశం. చిప్ప నుండి వేరుచేసిన ప్రోటీనులను ప్రయోగపాత్రలో కలిపి చూస్తే, స్ఫటికం ఏ రూపంలో పెరగాలో అవే నిర్దేశిస్తున్నాయని 1996లో ఆమె, ఆమె సహచరులు ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. మరుసటి ఏడు ఆమెకు రసాయనశాస్త్రంలో డాక్టరేటు లభించింది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. పదవ తరగతి ముగియగానే మనం పిల్లలను ఎం.పి.సి., బై.పి.సి. అని రెండు గట్లకు చేరుస్తాము. ఆ తరువాత ఒక గట్టువారికి రెండో గట్టు కనిపించదు. బెల్చర్ డిగ్రీ చదివిన కళాశాలలో విద్యార్థి తన ఆసక్తినిబట్టి పాఠ్యాంశాలను కూర్చుకోవచ్చు. రసాయనం, జీవశాస్త్రం ఆమెకు విడివిడి ఇళ్లు కాలేదు.

ఆ తరువాత ఆమె వేసిన ప్రశ్న సాహసోపేతమైనది. జీవులు కాల్షియం, సిలికాన్ వంటి కొద్ది మూలకాలతోనే గట్టి పదార్థాలను నిర్మిస్తాయి. ఆవర్తన పట్టికలోని మిగతా మూలకాలతోనూ నిర్మించడం వాటికి నేర్పగలమా? నిధుల కోసం ఆమె పంపిన తొలి ప్రతిపాదనను చదివిన ఒక సమీక్షకుడు ఆమెకు మతి చలించిందన్నట్లు వ్రాశాడని తరువాత ఆమెయే చెప్పుకున్నారు.

ఆమె ఎంచుకున్న పనివాడు ఎం13 అనే వైరస్. కరోనా తరువాత ఆ మాట వింటేనే మనకు గుండె ఝల్లుమంటుంది గాని, ఇది బ్యాక్టీరియాకే సోకుతుంది, మనుషుల జోలికి రాదు. దారంలా ఉండే దీని పొడవు సుమారు 900 నానోమీటర్లు, మందం 7 నానోమీటర్లకు అటూ ఇటూ. మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒకటి నానోమీటరు. జన్యువులో చిన్న మార్పు చేస్తే ఈ వైరస్ ఒంటిమీది ప్రోటీను మారుతుంది.

ఆమె పద్ధతి చేటలో బియ్యం చెరగడాన్ని తలపిస్తుంది. స్వల్ప తేడాలున్న సుమారు వంద కోట్ల రకాల వైరస్‌లను ఒక అర్ధవాహకపు పలకమీద పోస్తారు. అంటుకోనివి కడిగినప్పుడు కొట్టుకుపోతాయి. మిగిలినవాటిని బ్యాక్టీరియాలో పెంచి మళ్లీ పోస్తారు, ఈసారి మరింత గట్టిగా కడుగుతారు. అలా కొన్ని విడతలు గడిచాక, గాలియం ఆర్సెనైడ్‌ను మాత్రమే పట్టుకొని పక్కనున్న సిలికాన్ డయాక్సైడ్‌ను విడిచిపెట్టే వైరస్ మిగిలింది. ఈ ఫలితం 2000లో వెలువడింది. సమీక్షకునికి అంతకన్నా జవాబు అక్కరలేదు.

2002లో ఆమె మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ, అంటే ఎం.ఐ.టి.లో చేరారు. 2006లో ఆమె బృందం వైరస్‌ల ఒంటిమీద కోబాల్టు ఆక్సైడును పెంచి బ్యాటరీ ఋణధ్రువాన్ని తయారుచేసింది. 2009లో ఇనుప ఫాస్ఫేటు, కార్బన్ నానో గొట్టాలతో ధనధ్రువం సిద్ధమైంది. ఆ పదార్థాల నిర్మాణం గది ఉష్ణోగ్రతలోనే జరిగింది. ప్రయోగాలలో ఆ బ్యాటరీని కనీసం నూరుసార్లు చార్జి చేసినా సామర్థ్యం తగ్గలేదు. నాకు మాత్రం బ్యాటరీ కన్నా దానిని పొయ్యి లేకుండా చేయగలగడమే పెద్ద సంగతిగా తోస్తుంది. పదార్థాలను తయారుచేసేటప్పుడు మనం వెదజల్లే వేడి, విషం ఎంతో ఒక్కసారి తలచుకోండి.

అదే వైరస్‌ను ఆమె వైద్యంలోకీ తీసుకువెళ్లారు. స్త్రీలకు వచ్చే అండాశయ క్యాన్సర్ చాలాసార్లు ముదిరిన తరువాతే బయటపడుతుంది. ఆమె బృందం, ఎం.ఐ.టి.లోనే పనిచేసే సంగీతా భాటియా తదితరులతో కలిసి, కార్బన్ నానో గొట్టాలను మోసుకుపోయి కణితికి అంటుకునే ఎం13ను రూపొందించింది. ఆ గొట్టాలు వెదజల్లే, మన కంటికి కనిపించని కాంతిని కెమెరా పట్టుకుంటుంది. 2014లో ప్రకటించిన ఈ ప్రయోగం జరిగినది ఎలుకలలో. ఆ చిత్రాలను చూస్తూ శస్త్రచికిత్స చేసినప్పుడు, ఉత్త కంటికి అందకుండా పోయిన కణితులు, మిల్లీమీటరు కన్నా చిన్నవి కూడా, దొరికాయి.